మకాం

'మకాం' అనే మాట తెలియని తెలుగువారుండరు. కలెక్టరుగారు ఫలానా ఊళ్ళో మకాం చేశారంటాము. నాటకసమాజంవారు తిరునాళ్ళకు వచ్చి చెరువుగట్టున మకాం వేశారంటాము. చుట్టం వచ్చి పదిరోజులైనా కదలకపోతే, 'మా యింట్లోనే మకాం పెట్టాడు' అని వంటింట్లో గొంతు తగ్గించి చెప్పుకుంటాము. అరబ్బీ నుంచి ఫారసీ, ఉర్దూల మీదుగా కచేరీ కాగితాలలోకి, అక్కడినుంచి మన నాలుకల మీదికి వచ్చిన మాట ఇది. నిలుచుండు చోటు అని దీని మొదటి అర్థం. ఈ మాటకే అరబ్బు దేశాలలో మరొక అర్థమున్నది. మనము రాగమని పిలిచేదానికి దగ్గరి చుట్టమైన స్వరమార్గాన్ని వారు మకాం అంటారు.

నలభై ఏండ్లకు పైగా వాడుతూ వచ్చిన మాటకు ఇటువంటి అర్థమొకటున్నదని నాకు ఈ మధ్యనే తెలిసింది. తెలిసిననాడు సంతోషం కలిగింది. ఆ సంతోషం వెనుకనే, నా వృత్తిలో నేను చేసిన ఒక తప్పు ఎటువంటిదో కూడ తెలిసివచ్చింది. ఆ తప్పును పాఠకులకు చెప్పుకోవాలనే ఈ నాలుగు పుటలు వ్రాస్తున్నాను.

నేను హిందీనుంచి తెలుగులోకి కథలు, నవలలు అనువదించి బ్రతుకుతున్న మనిషిని. పుట్టి పెరిగింది కాజీపేట రైల్వే క్వార్టర్లలో. మా గోడకు ఆవల ఝాన్సీనుంచి బదిలీ అయి వచ్చిన గార్డుగారి కుటుంబముండేది. పెరటిలో తెలుగు, గోడమీద హిందీ, వీధిలో దక్కనీ ఉర్దూ. తరువాత హిందీలో ఎం.ఏ. చదివినా, నాకు నిజంగా హిందీ నేర్పినది ఆ గోడే.

మా నాన్నగారు శనివారం భజనలో హార్మోనియం వాయించేవారు. మా అత్తయ్య, అనగా నాన్నగారి అప్పగారు, చిన్ననాడు సంగీతం నేర్చుకున్నది. ఆమె మా యింటికి వచ్చినప్పుడల్లా నాన్నగారు పెట్టె తీసి, 'అక్కయ్యా, ఒక్క కీర్తన పాడు' అని బ్రతిమాలేవారు. ఆమె హార్మోనియం లేకుండానే పాడేది. ఒకనాడు నాన్నగారు పట్టుపట్టితే నవ్వి, 'తమ్ముడూ, నీ పెట్టెలో మెట్లున్నాయిగాని మెట్లకు మధ్య చోటు లేదురా. నేనుండేది ఆ మధ్యనే' అన్నది. నాన్నగారు చిన్నబుచ్చుకున్నారు. నాకప్పుడు పది పన్నెండేండ్లుంటాయేమో. ఆ మాటలో చమత్కారమే నాకు వినిపించింది.

అత్తయ్య అన్నది దేశంలో పెద్దలు కూడ అన్న మాటే. హార్మోనియం మెట్లు గమకాన్ని పలికించలేవన్న కారణం మీద 1940లో ఆలిండియా రేడియో ఆ పెట్టెను తన గదులలోనుంచి వెలివేసింది. 1970 దశకం మొదటిదాకా ఆ వెలి తొలగలేదు. రేడియో వెలివేసినా భజనగోష్ఠులు దానిని విడువలేదు. మెట్లున్న వాద్యం చేతికి సులువు, ఎవరైనా నొక్కవచ్చును, నొక్కినచోట ఏదో ఒక స్వరం తప్పక పలుకుతుంది. అనువాదకులకు నిఘంటువు కూడ ఇటువంటిదే. ఏ మాటను వెదికినా ఏదో ఒక అర్థం పలుకుతుంది. అదే దానివల్ల కలిగే ఉపకారం, అపకారం కూడ.

కొన్నేండ్ల క్రితం ఉత్తరదేశపు చిన్నపట్టణంలో నివసించే ఒక వృద్ధరచయిత కథాసంపుటిని తెలుగు చేశాను. ఆయన పేరు చెప్పను. తప్పు నాది గనుక ఆ పేరుతో పనిలేదు. అందులో ఒక కథ నన్ను చాల వేధించింది. ఒక ఇంట్లో మామగారు, కోడలు మాత్రమే మిగిలారు. మామగారికి జ్ఞాపకశక్తి పూర్తిగా పోయింది. కోడలిని చూసి ఒకనాడు పనిమనిషి అనుకుంటాడు, ఒకనాడు చనిపోయిన తన తల్లి అనుకుంటాడు. ఆమె ఆయనకు అన్నం తినిపిస్తుంది, స్నానం చేయిస్తుంది, కాని ఆయన కూర్చున్న మంచం మీద మాత్రం ఎన్నడూ కూర్చోదు. నడుము నొప్పిపెడుతున్నా నిలబడే ఉంటుంది. పొరుగింటామె అడుగుతుంది: 'ఆయనకు నువ్వెవరవో కూడ తెలియదు గదా, ఇంకా ఎవరికోసం ఇది?' కోడలు ఒక్కమాట అంటుంది: 'లిహాజ్.' కథ అక్కడ ముగుస్తుంది.

ఆ మాటకు నేను 'మొహమాటం' అని వ్రాశాను.

హిందీ తెలిసినవారు ఇప్పటికే నొచ్చుకొని ఉంటారు. మొహమాటం చక్కని తెలుగు మాట, పొరుగు భాషలవారు మనను చూసి అసూయపడదగిన మాట. కాని అందులో ఒక నిస్సహాయత ఉన్నది. కాదనలేక, లేవలేక, నోరు విప్పలేక ఇబ్బందిపడే మనిషి మొహమాటపడతాడు. ఆ కోడలికి ఆ ఇబ్బంది లేదు. ఆమె తాను ఎంచుకొని నిలబడింది. పోనీ 'గౌరవం' అందామా? గౌరవం సభలో పూలదండ వేసినంత దూరంగా ఉంటుంది. 'మర్యాద' అంటే లోకంకోసమన్న వాసన వస్తుంది. లిహాజ్ ఈ మెట్లలో దేనిమీదా లేదు. నేను దగ్గరలో ఉన్న మెట్టు నొక్కి ముందుకు సాగిపోయాను.

పుస్తకం అచ్చయిన తరువాత ఆ పెద్దాయన ఫోనుచేసి, 'బేటీ, చివరి కథలోని చివరిమాట తెలుగులో ఏమని వచ్చింది?' అని అడిగారు. చెప్పాను. దానికి హిందీలో అర్థం చెప్పమన్నారు. ఇంచుమించు 'సంకోచ్' వంటిదని చెప్పాను. కొంతసేపు ఏమీ పలకలేదు. ఫోను తెగిపోయిందేమో అనుకున్నాను. తరువాత మెల్లగా అన్నారు: 'సంకోచం మనిషిని ముడుచుకునేటట్లు చేస్తుందమ్మా. లిహాజ్ మనిషిని నిలబెడుతుంది. ఆవిడ నిలబడే ఉన్నది గదా.' నేను క్షమాపణ చెప్పబోతే, 'సరే, సరే, పుస్తకం చాల బాగున్నది' అని కుశలప్రశ్నలలోకి మళ్ళించారు. నామీద ఆయన చూపినది కూడ లిహాజే. రెండేండ్ల తరువాత ఆయన పోయారు.

ఇది జరిగిన కొంతకాలానికి, అమెరికాలో చదువుకుంటున్న మా అమ్మాయి ఒక సంగీతం పంపించి, 'అమ్మా, నీకు అరబ్బీ మాటల పిచ్చి గదా, ఇది విను' అన్నది. 2007లో వెలువడిన 'టూ రివర్స్' అనే ఆల్బమది. వాయించినది అమీర్ ఎల్‌సఫ్ఫార్. వాద్యం ట్రంపెట్, మన పెండ్లి ఊరేగింపులలో బ్యాండుమేళంవారు ఊదే ఇత్తడి బాకాయే. ఆ బాకా మంద్రంగా మొదలై మూడవ స్వరం మీదికి వచ్చి ఆగింది. నాకు వెంటనే అపస్వరమనిపించింది. వాద్యం సరిగా శ్రుతి చేసుకోలేదు కాబోలు అనుకున్నాను. మరల అదే చోటికి వచ్చింది, మరల అక్కడనే ఆగింది. నాలుగవసారి వచ్చేసరికి నా చెవికే సిగ్గు కలిగింది. తప్పు పలికేవాడు ప్రతిసారీ అంత కచ్చితంగా ఒకేచోట పలుకలేడు. అతడు రెండు మెట్ల నడుమ నిలబడి ఉన్నాడు. అత్తయ్య ఉంటానన్న చోటది.

అప్పటినుంచి ఆ మనిషిని గురించి, ఆ సంగీతాన్ని గురించి దొరికినదంతా చదివాను. ఎల్‌సఫ్ఫార్ 1977లో అమెరికాలో షికాగో నగరం ప్రక్కన జన్మించాడు. తండ్రి ఇరాక్ దేశంనుంచి వలస వచ్చినవాడు, తల్లి అమెరికన్. సఫ్ఫార్ అంటే అరబ్బీలో రాగి, ఇత్తడి పనివాడు, మన కంచరి. బాగ్దాదులో ఆ పనివారి అంగళ్ళవీధి ఒకటి వారి పేరుమీదనే ప్రసిద్ధం. కంచరి యింటి పేరున్నవాడు ఇత్తడి వాద్యం చేతపట్టటం కాకతాళీయమేగాని ముచ్చటైన సంగతి. అతడు షికాగోలో పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం అభ్యసించాడు. న్యూయార్కు చేరి, జాజ్ సంగీతంలో కట్టుబాట్లన్నిటినీ దాటి అప్పటికప్పుడు కల్పించి వాయించే సిసిల్ టేలర్ వంటి సాహసికుల సరసన ఊదాడు. 2001లో ట్రంపెట్ పోటీలో బహుమానం గెలుచుకున్నాడు. ఆ సొమ్ముతో, పేరు పెరిగే వేళకు న్యూయార్కులో నిలువక, 2002లో తండ్రి పుట్టిన దేశానికి ప్రయాణమైనాడు. బాగ్దాదులో సంతూరు వాద్యాన్ని, ఇరాకీ మకాంను నేర్చుకోవటం మొదలుపెట్టాడు. మరుసటి ఏడు, 2003 మార్చిలో, ఆ నగరం మీద బాంబులు పడినవి. తరువాతి విద్య పరదేశాలలో సాగింది. లండనులో ఉంటున్న హామిద్ అల్ సాదీ అనే గాయకుని ఆశ్రయించి ఏండ్లతరబడి కూర్చున్నాడు. హామిద్ గురువు యూసుఫ్ ఉమర్, గత శతాబ్దంలో బాగ్దాదు మకాంకు పెద్దదిక్కయినవాడు. యాభైకి పైబడిన మకాంలను కంఠస్థం చేసి నిలుపుకొన్న అరుదైనవారిలో హామిద్ ఒకడు.

ఇక్కడ ఒక భేదం చెప్పవలసి ఉన్నది. అరబ్బు దేశాలన్నిటా మకాం అంటే స్వరాల పద్ధతి, వాటి నడక. ఇరాక్‌లో అంతకంటె ఎక్కువ. ప్రతి మకాంకు ఆరంభమెట్లా, ఏ మలుపు తరువాత ఏ మలుపు, ఎక్కడ తారస్థాయికి ఎక్కవలె, ఎట్లా దిగి ఇల్లు చేరవలె అన్న దారి అంతా నోటినుంచి నోటికి వచ్చిన కట్టడి. ఆ కట్టడికి లోబడి గాయకుడు తన కల్పన చేస్తాడు. మన ఆలాపనకు దగ్గరనిపిస్తుంది. కాని తంబురా వంటి శ్రుతి వెనుక నిరంతరం మ్రోగదు, ఒక మకాంనుంచి మరొకదానిలోకి వెళ్ళి తిరిగిరావటం దోషం కాదు సరిగదా, విద్వత్తుకు లక్షణం.

నన్ను ఆకర్షించినవి ఆ అంగాల పేర్లు. గాయకుని అక్కడ 'కారీ' అంటారు, అనగా చదువరి. అతడు మకాంను పాడడు, చదువుతాడు. ఆరంభాన్ని 'తహరీర్' అంటారు. మన హిందీ, ఉర్దూలలో తహరీర్ అంటే వ్రాత. తారస్థాయి భాగం 'మెయానా'. ఫారసీలో మియానా అంటే నడిమిది. ముగింపు 'తస్లీమ్'. మనకది వందనం, అంగీకారం. ఇక అరబ్బు దేశాలన్నిటా ఒంటరి వాద్యం మీద చేసే స్వేచ్ఛాకల్పనకు పేరు 'తక్సీమ్'. మోసుల్‌లో 1930లో పుట్టిన మునీర్ బషీర్ ఊద్ వాద్యం మీద కేవలం తక్సీమ్‌తోనే నిండు కచేరీలు చేసి, 1997లో కన్నుమూసేనాటికి ఐరోపా శ్రోతలకు దాని రుచి చూపించాడు. హిందీ చదివిన నాకు తక్సీమ్ అన్న మాట వినగానే గుండె ఒక్కసారి ఆగినట్లయింది. ఆ మాటకు మాకు తెలిసిన అర్థం భాగహారం, ఆస్తి పంపకం, అన్నిటికంటె మించి 1947 నాటి దేశవిభజన. ఎన్నో కథలలో ఆ మాటకు 'విభజన' అని వ్రాసిన చేయి నాది. అదే మాట వేరొకచోట, ఒక మనిషి ఒంటరిగా కూర్చొని స్వరాన్ని భాగాలుగా విప్పి చూసుకునే శాంతికి పేరయింది. ఒక్క మాట రెండు దేశాలలో చేసిన మకాంలు ఎంత వేరు!

విభజన దుఃఖం ఆ సంగీతానికీ తప్పలేదు. 1932లో కైరోలో అరబ్బు సంగీతమహాసభ జరిగింది. బార్టోక్, హిండెమిత్ వంటి ఐరోపా విద్వాంసులు కూడ వచ్చారు. ఇరాక్ బృందంలో గాయకుడు ముహమ్మద్ అల్ కుబ్బాంజీ ముసల్మాను, అతని ప్రక్కన వాద్యాలు పట్టినవారిలో ఎక్కువమంది బాగ్దాదు యూదులు. ఆ సభలో వచ్చిన పెద్ద చర్చలలో ఒకటి మన హార్మోనియం తగవు వంటిదే. పియానో వంటి మెట్ల వాద్యాలను అరబ్బు సంగీతంలోకి రానీయవచ్చునా? స్థాయిని ఇరవైనాలుగు సమభాగాలు చేస్తే వారి స్వరాలన్నీ అందులో ఇముడుతవా? ఇముడవని పలువురు వాదించారు. ఆ స్వరం కైరోలో ఒకచోట, మరొక నగరంలో వెంట్రుకవాసి పైన పలుకుతుంది. దానిని కొలబద్దకు కట్టరాదన్నారు. తరువాత ఇరవై ఏండ్లు తిరగకముందే, 1950, 51 సంవత్సరాలలో, ఇరాక్‌నుంచి లక్షకు పైగా యూదులు దేశం విడిచిపోయారు. వారివెంట ఆ వాద్యాల విద్యలో పెద్దభాగం పోయింది. మిగిలినదానిని కొద్దిమంది చేతులలో నిలుపుకుంటూ వచ్చారు. 2003లో, యుద్ధం జరిగిన ఆ సంవత్సరమే, యునెస్కో ఇరాకీ మకాంను మానవజాతి మౌఖికవారసత్వంలో ఒక మహాకృతిగా ప్రకటించింది. ఇంత సన్నని దారం పట్టుకొని వచ్చిన విద్యను ఒక జాజ్ వాద్యకారుడు తన బాకాలోకి తేవాలనుకున్నాడు.

ఎట్లా తేవటం? హార్మోనియం మెట్ల లెక్కలో స్థాయిని 1200 సెంట్లుగా భాగిస్తే మన సాధారణ గాంధారం 300 దగ్గర, అంతర గాంధారం 400 దగ్గర ఉంటవి. రాస్త్ అనే మకాంలో మూడవ స్వరం ఇంచుమించు 350 దగ్గర ఉంటుంది. ట్రంపెట్‌కు ఉన్నవి మూడు మీటలు. ఒకటి నొక్కితే స్వరం ఒక మెట్టు దిగుతుంది, మరొకటి రెండు, ఇంకొకటి మూడు మెట్లు దింపుతుంది. వీటిని ఎట్లా కలిపి నొక్కినా ఆ 350 అన్న చోటు రాదు.

దీనికి ఒక పరిష్కారాన్ని లెబనాన్ దేశీయుడైన నసీమ్ మాలూఫ్ కనిపెట్టాడు. పారిస్‌లో ప్రసిద్ధ విద్వాంసుడు మారిస్ ఆంద్రే వద్ద చదువుకొన్న ఆయన, పావుస్వరం పలికించే నాలుగవ మీటను వాద్యానికి చేర్పించాడు. 1980లో బేరూత్‌లో పుట్టిన ఆయన కుమారుడు ఇబ్రహీం మాలూఫ్ ఆ నాలుగుమీటల ట్రంపెట్ మీదనే లోకప్రసిద్ధుడైనాడు. ఇది ఒక గొప్ప దారి. భాషలో లేని స్వరానికి ఒక కొత్త మెట్టు కట్టటమన్నమాట.

ఎల్‌సఫ్ఫార్ తన దారి పెదవులతో వెదికాడు. ఊపిరి ఒత్తిడిని, పెదవుల బిగువును మార్చి, గొట్టంలో జరిగే భాగాన్ని జరిపి, స్వరాన్ని తన మెట్టునుంచి వంచి ఆ నడిమిచోటికి తీసుకొనిపోవటం సాధ్యమే. కాని అక్కడ వ్రేలికి ఆనవాలుండదు, మెట్టు ఆసరా ఉండదు. చెవి ఒక్కటే దిక్కు. ఆ చెవి గురువు ఎదుట సంవత్సరాలు కూర్చుంటేగాని రాదు. అందుకే అతడు ముందుగా సంతూరు పట్టాడు, ముందుగా కారీగా గొంతెత్తి మకాం చదవటం నేర్చుకున్నాడు. గొంతుకు వచ్చిన తరువాతనే బాకాకు నేర్పాడు.

మరొక సంగతి గ్రహించిన తరువాత ఈ కలయిక నాకు అతుకుబొంతగా తోచలేదు. అమెరికాలో నీగ్రో బానిసల సంతతి సృష్టించిన బ్లూస్ గానంలో కూడ మూడవ స్వరం సరిగ్గా మెట్టుమీద ఉండదు. రెండు గాంధారాల నడుమ ఊగుతుంది. దానికి వారు 'బ్లూ నోట్' అని పేరుపెట్టారు. ఎల్‌సఫ్ఫార్ చిన్ననాడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ బాకాలో విన్నది ఆ స్వరమే. బాగ్దాదు చదువరి, న్యూ ఆర్లియన్స్ గాయకుడు ఒకరినొకరు ఎరుగరు. అయినా మెట్ల వాద్యాలు లేదన్న చోటనే ఇద్దరూ కాపురమున్నారు. అతడు చేసినది రెండు దూరదేశాలకు వంతెన కట్టటం కంటె, ఇదివరకే ఇరుగుపొరుగుగా ఉన్న రెండిండ్ల నడిమి తలుపు తీయటమనిపిస్తుంది.

'టూ రివర్స్'లోని రెండు నదులు టైగ్రిస్, యూఫ్రటీసులు. బుజుక్, ఊద్ వంటి అరబ్బు వాద్యాలు, జాజ్ డ్రమ్ములు ఆ మేళంలో కలిసి కూర్చున్నవి. సాక్సొఫోన్ పట్టినవాడు మన దక్షిణదేశపు తల్లిదండ్రుల బిడ్డ రుద్రేశ్ మహంతప్ప. పది మాత్రల జుర్జినా తాళం నడుస్తూ ఉంటుంది, దానిమీద ఒక్కొక్కరూ తమ కల్పన చేస్తారు. అన్నిచోట్లా అది నాకు రుచించిందని చెప్పను. డ్రమ్ముల హోరులో ఆ నడిమిస్వరం నలిగిపోయిన ఘట్టాలున్నవి. బాగ్దాదు పెద్దలు విని ఇది మకాం కాదనవచ్చును, జాజ్ రసికులు ఇది జాజ్ కాదనవచ్చును. ఇద్దరి మాటలోను నిజముండవచ్చును. అనువాదగ్రంథాన్ని గురించి మూలభాషవారు, లక్ష్యభాషవారు అనే మాటలు కూడ ఇవే గదా. తరువాత అతడు పదిహేడుమందితో 'రివర్స్ ఆఫ్ సౌండ్' అనే పెద్ద మేళం కూర్చి, 2017లో, 2021లో ఆల్బములు వెలువరించాడు. ఆ స్వరం దగ్గర మకాం మాత్రం ఎత్తలేదు.

ఇటువంటి పని మన ఇంట్లోనే జరిగినదన్న సంగతి ఆలస్యంగా గుర్తుకు వచ్చింది. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ పసితనంలోనే మాండొలిన్ పట్టాడు. అది మెట్ల వాద్యం, తీగలు పొట్టివి, గమకానికి పనికిరాదని పెద్దలు తల ఊపినది. జంటతీగలు తీసివేసి, అయిదు ఒంటితీగలు కట్టి, విద్యుత్తు జోడించి, మెట్టుమీద తీగను వంచి ఆ బాలుడు తోడిని పలికించాడు. 2014లో ఆయన పోయేనాటికి మాండొలిన్ కర్ణాటక వాద్యం కాదని అనేవాడెవడూ మిగలలేదు. అత్తయ్య ఆయన కచేరీ రేడియోలో విని, 'మెట్లున్నా మధ్యనుండవచ్చునన్నమాట' అని చాలసేపు మౌనంగా కూర్చున్నది. నాన్నగారు అప్పటికి లేరు. ఉంటే ఆ మాట ఆయనతో అనేదేమో.

ఇప్పుడు నా తప్పు దగ్గరికి వస్తాను. అనువాదకునికి ఉన్న దారులు రెండేనని నాకు ఈ ఇద్దరు ట్రంపెట్ విద్వాంసుల వల్ల తేటపడింది. మూలంలోని మాటను యథాతథంగా తెచ్చి మన భాషకు నాలుగవ మీటగా బిగించటం ఒకటి. జవాబు, హక్కు, అసలు, తారీఖు, మకాం అన్నీ ఒకనాడు ఎవరో అట్లా బిగించిన మీటలే. ఉన్న మాటను పెదవితో వంచి నడిమిచోటికి తీసుకొనిపోవటం రెండవది. ఏది మేలన్నది సందర్భాన్నిబట్టి ఉంటుంది. దగ్గరి మెట్టు నొక్కి సరిపుచ్చుకోవటమనేది మూడవ దారి కాదు, దారి తప్పటం.

నేనెందుకు దారి తప్పాను? మాట తెలియక కాదు. ఆ గోడమీద చిన్ననాటినుంచి విన్న మాటే అది. నిజం చెప్పవలెనంటే, ఆ కోడలు నాకు నచ్చలేదు. జ్ఞాపకం లేని ముసలివాని ఎదుట నడుము విరిగేటట్లు నిలబడే ఆడదాన్ని చూసి నాకు జాలివేసింది, కొంత కోపం కూడ వచ్చింది. మొహమాటం అన్న మాటలో ఆ జాలి ఇమిడింది. అది ఆమె మాట కాదు, ఆమెమీద నా తీర్పు. ఆమె నోట నా తీర్పు పలికించి అనువాదమని సంతకం చేశాను. ఆ మాట దగ్గర నేను ఒక్క రాత్రి కూడ మకాం చేయలేదు.

నిరుడు ఆ పుస్తకం రెండవ ముద్రణకు వచ్చింది. ఈసారి తొందరపడదలచుకోలేదు. లిహాజ్ పుట్టిన అరబ్బీ ధాతువును వెదికాను. కడకంటితో చూడటం దాని అర్థం. కంటి చివరి కొసకు కూడ అదే పేరు. ఎదుటివానిని కనిపెట్టి ఉండే చూపు అది, అతడు తిరిగి చూసినా చూడకున్నా. మూడు నెలలు ఆ మాట నావెంట వంటింట్లో, బస్సులో, మందుల దుకాణం ముందు తిరిగింది. అదే సమయంలో మా అత్తగారికి చూపు మందగించింది. ఆమె గదిలోకి వెళ్ళినప్పుడు, నేను వచ్చినది ఆమెకు కనబడకపోయినా, నా గొంతు దానంతటదే తగ్గటం ఒకనాడు గమనించాను. ఎవరూ తగ్గించమనలేదు. నాకు ఇబ్బందీ లేదు. అప్పుడు కథలోని ఆమె నాకు మొదటిసారిగా ఎదురుపడింది.

'లిహాజ్' అనే ఉంచుదామా అని చాల ఆలోచించాను. కాని అంతవరకు కోడలు తెలుగులో మాట్లాడి, కథ చివర తెలియని మాట అంటే పాఠకుడు ఆమెను చూడటం మాని నిఘంటువును చూస్తాడు. అందుచేత మన మాటనే వంచాను. 'కంటిమన్నన' అని వ్రాశాను. మన్నన మనకున్నదే, కన్ను మనకున్నదే. రెండూ కలిపి ఈ అర్థంలో ఎవరైనా అన్నట్లు నేను వినలేదు. నిండు తెలుగే అయినా ఏ మెట్టుమీదా లేని మాట.

ప్రూఫులు దిద్దే కుర్రవాడు ఆ మాట క్రింద ఎర్రగీత గీసి, 'అమ్మా, ఈ మాట నిఘంటువులో లేదు. అచ్చుతప్పా?' అని ప్రక్కన వ్రాసి పంపించాడు. అతని సందేహం న్యాయమైనదే. నేను కూడ ఆ బాకాను మొదట విన్నప్పుడు అపస్వరమనే అనుకున్నాను. మరల ఒకసారి ఆ పుట పైకి చదువుకున్నాను. ఆ మాట ఉండవలసిన చోటనే పలికిందా, వెంట్రుకవాసి పైనా, క్రిందా అని చెప్పగల చెవి ఆ పెద్దాయనది. ఆయన లేరు. ఎర్రగీత ప్రక్కన 'తప్పు కాదు, ఉండనివ్వండి' అని వ్రాసి పంపించాను.